గోదావరి ఏ వైపు వస్తుంది? విమానంలో కిటికీ సీటు ఎంచుకునే పద్ధతి

మా అమ్మది కోనసీమ. మొదటిసారి విమానం ఎక్కింది హైదరాబాద్ నుంచి విశాఖకు. కిటికీ సీటే కావాలని ముందే చెప్పింది. నేనూ అదనంగా డబ్బు కట్టి మరీ 4ఎ తీసుకున్నాను. విమానం లేచిన పది నిమిషాల నుంచీ ఒకటే ప్రశ్న: "గోదారి ఎప్పుడొస్తాదిరా?" వచ్చింది, వెళ్లిపోయింది కూడా. అవతల కుడివైపు కిటికీ పక్కన కూర్చున్నాయన ఫోన్ తీసి ఆపకుండా ఫొటోలు తీస్తుంటే అప్పుడు తెలిసింది నాకు. మా వైపు కొండలు, అడవులు. అవీ బాగానే ఉన్నాయి గానీ, అమ్మ అడిగింది గోదావరిని.

మా సీటుకు రెక్క అడ్డం లేదు, కిటికీ శుభ్రంగా ఉంది, ఆకాశం తేటగా ఉంది. వైపు ఒక్కటే తప్పింది. సీట్ల పటం తెరవగానే అందరం ముందు వరస నంబరు చూస్తాం. నిజానికి వరసను ఆఖర్న చూసుకోవాలి. మొదట ఏ వైపు, తర్వాత ఎండ ఎటు, ఆ తర్వాత రెక్క ఎక్కడ. నేను ఇప్పుడు ఈ క్రమంలోనే చూసుకుంటున్నాను, ఇదే క్రమంలో చెప్తాను.

మొదటి అడుగు: పటం మీద గీత గీయండి

ఫోన్‌లో మ్యాప్ తెరిచి బయల్దేరే ఊరి నుంచి దిగే ఊరికి ఒక సూటి గీత ఊహించుకోండి. పటాన్ని తిప్పి, దిగే ఊరు పైకి వచ్చేలా పట్టుకోండి. ఇప్పుడు గీతకు కుడిచేతి వైపు ఉన్నవన్నీ కుడి కిటికీల్లో కనిపిస్తాయి, ఎడమచేతి వైపువి ఎడమ కిటికీల్లో.

విమానం ముందు వైపుకు తిరిగి నిలబడితే సీట్ల అక్షరాలు ఎడమ నుంచి మొదలవుతాయి. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 రకాల్లో నడవాకు అటు మూడు, ఇటు మూడు సీట్లు. ఎడమ కిటికీ ఎ, కుడి కిటికీ ఎఫ్. దూరదేశాలకు వెళ్లే పెద్ద విమానాల్లో కుడి కిటికీ ఎక్కువగా కె అవుతుంది.

విశాఖ ప్రయాణాన్నే తీసుకుందాం. హైదరాబాద్ నుంచి విశాఖ దాదాపు తిన్నగా తూర్పుకు ఉంటుంది. తూర్పుకు వెళ్తున్నప్పుడు కుడిచేయి దక్షిణం, ఎడమచేయి ఉత్తరం. సూటి గీత భద్రాచలానికి కొంచెం దక్షిణంగా పోతుంది. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం దాదాపు గీత కిందే ఉంటుంది. అక్కడి నుంచి నది ఆగ్నేయానికి తిరిగి పాపికొండల మధ్య సన్నగా నలిగి, పోలవరం దగ్గర బయటపడి, రాజమండ్రి వైపు విశాలంగా సాగుతుంది. అంటే భద్రాచలం ఎడమవైపు. పాపికొండలు, పోలవరం, అవతల రాజమండ్రి, ఇంకా అవతల డెల్టా అన్నీ కుడివైపు. గోదావరి కావాలనుకునేవాళ్లు వెళ్లేటప్పుడు ఎఫ్, వచ్చేటప్పుడు ఎ తీసుకోవాలి.

ఇక్కడ ఇంకో చిట్కా పట్టుకోవచ్చు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే అక్షరం తీసుకుంటే దారికి రెండు వైపులా చూసినట్టే. ఒకే దృశ్యం రెండుసార్లు కావాలంటే అక్షరం మార్చాలి.

గీతకు ఎంత దూరంలో ఉన్నది బాగా కనిపిస్తుంది? 35,000 అడుగుల ఎత్తు నుంచి దిగంతం సుమారు 370 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంత దూరంలో ఉన్నవి చూడగలం అన్న మాటే గానీ, పొగమంచు, దుమ్ము కలిసి అన్నీ నీలంగా కరిగిపోతాయి. పైగా సరిగ్గా విమానం కింద ఉన్నది మనకు కనబడదు. 45 డిగ్రీల వాలులో కిందికి చూస్తే ఆ ఎత్తు నుంచి చూపు నేలను తాకేది దాదాపు 10 కిలోమీటర్ల అవతల. నా అనుభవంలో గీతకు 10 నుంచి 50 కిలోమీటర్ల దూరంలో ఉన్నవి బాగా తెలుస్తాయి. ఊరు, నది, ఆనకట్ట ఆ పట్టీలో ఉంటే ఆ వైపు ఎంచుకోవచ్చు.

మన దగ్గరి మరికొన్ని దారులు ఇదే లెక్కతో చూద్దాం.

హైదరాబాద్ నుంచి విజయవాడకు కుడివైపు. అమరావతి, కృష్ణానది, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ అన్నీ గీతకు దక్షిణాన, దగ్గరలోనే ఉన్నాయి.

రాజమండ్రికి వెళ్లేటప్పుడు నిర్ణయం కష్టం. పోలవరం, పాపికొండలు ఎడమవైపు. మూడు తరాల గోదావరి వంతెనలు, ధవళేశ్వరం ఆనకట్ట, కోనసీమ పచ్చదనం కుడివైపు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేనైతే కుడివైపే చెప్తాను. 1900 నాటి హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 1997లో వచ్చిన ఆర్చ్ వంతెన ఒక్క చూపులో అందే చోటు మరొకటి లేదు.

తిరుపతికి గీత దక్షిణానికి, కాస్త ఆగ్నేయంగా వాలి, నల్లమల మీదుగా పోతుంది. శ్రీశైలం ఆనకట్ట ఎడమవైపు, గీతకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో. నాగార్జునసాగర్ కూడా ఎడమవైపే గానీ దాదాపు 70 కిలోమీటర్ల దూరం. శ్రీశైలం వెనుక నీళ్లు మాత్రం కుడివైపుకు సాగుతాయి. చివర్లో ఉత్తరం నుంచి దిగుతున్నప్పుడు తిరుమల కొండలు పడమటి వైపున, అంటే మళ్లీ కుడివైపున వస్తాయి.

గాల్లో విమానాలు సూటిగా పోవు, నిర్ణీత దారులు ఉంటాయి. వర్షం మబ్బులుంటే పక్కకు తప్పుకుంటాయి. అందుకే గీత గీశాక ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో మీ విమానం నంబరు కొట్టి, గత కొద్ది రోజులు అది ఏ దారిన వెళ్లిందో చూసుకోండి. రెండు మూడు రోజుల దారులు ఒకేలా ఉంటే దాన్ని నమ్మవచ్చు.

రెండో అడుగు: రన్‌వే ఎటు తిరిగి ఉందో చూడండి

ఊళ్లు, వంతెనలు, ఓడరేవులు అన్నింటికంటే స్పష్టంగా కనిపించేది లేచేటప్పుడూ దిగేటప్పుడూ. ఆ పది నిమిషాలు రన్‌వే దిశ మీద ఆధారపడి ఉంటాయి.

రన్‌వే మీద రాసే అంకె ఒక దిక్సూచి. దాని పక్కన సున్నా చేరిస్తే డిగ్రీలు వస్తాయి. శంషాబాద్ రన్‌వే 09/27. 09 అంటే 90 డిగ్రీలు, తూర్పు ముఖంగా. 27 అంటే 270, పడమర ముఖంగా. నగరం విమానాశ్రయానికి ఉత్తరాన ఉంది. తూర్పుకు లేస్తే నగరం ఎడమ కిటికీల్లో, పడమరకు లేస్తే కుడి కిటికీల్లో. దిగేటప్పుడూ ఇదే సూత్రం. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. నైరుతి ఋతుపవనాల కాలంలో పడమటి గాలి బలంగా ఉంటుంది కాబట్టి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమర ముఖంగా లేచే అవకాశం ఎక్కువ. ఆ రోజుల్లో హైదరాబాద్‌ను పైనుంచి చూడాలంటే ఎఫ్ వైపు మొగ్గడం మేలు.

తిరుపతి రన్‌వే 08/26. పడమర నుంచి వచ్చి తూర్పు ముఖంగా దిగితే కొండలు చివరి నిమిషాల్లో ఎడమవైపుకు మారిపోతాయి. గాలి ఎటు వీస్తుందో ముందురోజు తెలియదు కాబట్టి, దారిలో చూడాల్సినవి ఎక్కువ ఉన్నప్పుడు దారినే నమ్ముకుని, దిగేటప్పుడు ఏది దొరికితే అది అనుకోవడం మంచిది.

మూడో అడుగు: ఎండ ఎటు పడుతుంది

ఎండకు ఎదురుగా ఉన్న కిటికీలో గీతలు, వేలిముద్రలు అన్నీ మెరిసి బయటి దృశ్యం తెల్లబారిపోతుంది. సూర్యుడు మన వెనక, అంటే విమానం అవతలి వైపు ఉంటే నేల మీద రంగులు నిజంగా కనిపిస్తాయి. ఉత్తర దక్షిణాలుగా పోయే విమానాల్లో లెక్క సులువు. ఉదయం పడమటి వైపు కూర్చోండి, సాయంత్రం తూర్పు వైపు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉదయం వెళ్తుంటే పడమర ఎడమచేతి వైపు, కాబట్టి ఎ. ఆ దారిలో నర్మదను దాటాక భోపాల్ పెద్ద చెరువు కూడా ఆ వైపే వస్తుంది.

తూర్పు పడమరలుగా పోయే విమానాల్లో సూర్యుడు ఎక్కువ కాలం దక్షిణాన ఉంటాడు, చలికాలంలో మరీను. ఉత్తరం వైపు నీడ.

అయితే విశాఖకు వెళ్తూ గోదావరి కోసం దక్షిణం వైపే కూర్చోవాలిగా! ఉదయం విమానమైతే సూర్యుడు ముందువైపు, కుడిగా ఉంటాడు, ఫొటోలు అంత బాగా రావు. మధ్యాహ్నం రెండు మూడు గంటల విమానం దొరికితే సూర్యుడు వెనక్కి జరుగుతాడు, పాపికొండల మడతలు విడివిడిగా తెలుస్తాయి. టికెట్ ధర దగ్గరదగ్గరగా ఉంటే నేను సమయాన్ని బట్టే విమానం ఎంచుకుంటాను. తిరుపతికి కూడా అంతే. మధ్యాహ్నమైతే ఎడమవైపు శ్రీశైలం, పొద్దున్నైతే కుడివైపు.

ఎండ వైపు కూర్చున్నవాళ్లకే దొరికేది ఒకటుంది. నీటి మీద సూర్యుడి ప్రతిబింబం విమానంతో పాటు పరిగెడుతుంది. చిన్న చెరువులు, వరిమళ్లు ఒకటొకటే అంటుకున్నట్టు మెరిసి ఆరిపోతాయి. తెలంగాణ మీదుగా వెళ్తుంటే, వానలు బాగా పడిన ఏడాది, గొలుసుకట్టు చెరువులన్నీ ఒకదాని వెనక ఒకటి అలా వెలుగుతాయి. నీడ వైపు కూర్చున్నవాళ్లకు ఇంకొకటి. కింద తెల్లని మబ్బు పరుచుకుని ఉంటే విమానం నీడ పడే చోట చుట్టూ రంగుల వలయం కనిపిస్తుంది. దాన్ని గ్లోరీ అంటారు. మబ్బులోని నీటి చుక్కలు వెలుగును వెనక్కి తిప్పి పంపడం వల్ల అది ఏర్పడుతుంది. సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున వెతకండి.

కాలం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏప్రిల్, మే నెలల్లో దుమ్ము. జులై నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులు, కానీ సందు దొరికితే ఎర్రటి వరద గోదావరిని చూసే కాలం అదే. వానలు వెళ్లిపోయిన అక్టోబర్, నవంబర్ నెలల్లో మన దగ్గర గాలి కడిగినట్టు ఉంటుంది. డిసెంబర్, జనవరిల్లో పొద్దున్నే డెల్టా మీద మంచు, ఉత్తరాదిన పొగమంచు.

నాలుగో అడుగు: రెక్కను తప్పించుకోండి

ఇప్పుడు వరస. ఎయిర్‌బస్ 320లో సీట్లు దాదాపు 30 వరసలు. రెక్క సుమారుగా 9వ వరస నుంచి 20వ వరస దాకా నేలను కప్పేస్తుంది. సీట్ల పటంలో మధ్యలో ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరసలు కనిపిస్తాయి, అవి రెక్క మీదికి తెరుచుకునేవి. వాటికి ముందు నాలుగైదు వరసలు, వెనక ఏడెనిమిది వరసలు వదిలేయండి. ఎగ్జిట్ వరసలో కాళ్లకు చోటు బాగుంటుంది గానీ నేల కనబడదు.

రెక్కకు ముందా, వెనకా? 2 నుంచి 6 దాకా ఉన్న వరసలు నాకు ఇష్టం. చూపు ముందుకూ కిందికీ అడ్డం లేకుండా పోతుంది. 7, 8 వరసల్లో కిందికి చూస్తే ఇంజిన్ కొంత అడ్డు వస్తుంది. వెనక 24 నుంచి ఉన్న సీట్లు చవక, ఒక్కోసారి ఉచితం. అక్కడి నుంచి చూస్తే ఇంజిన్ నుంచి వచ్చే వేడిగాలి వల్ల దృశ్యం అక్కడక్కడ నీళ్లలో కదిలినట్టు వణుకుతుంది. కళ్లకు పెద్ద తేడా ఉండదు, జూమ్ చేసి తీసే ఫొటోలకు ఉంటుంది. సూర్యాస్తమయంలో రెక్క కూడా కలిసొచ్చే ఫొటో కావాలంటే మాత్రం వెనకే కూర్చోవాలి.

చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్ 72 విమానాల్లో కథ వేరు. వాటికి రెక్క పైన ఉంటుంది, కిటికీలు దాని కింద. ప్రొపెల్లర్ విమానం కాబట్టి జెట్ల కంటే తక్కువ ఎత్తులో, నెమ్మదిగా పోతుంది. నేలను చూడడానికి ఇంతకంటే మంచి విమానం మన దగ్గర లేదు. ముందు వరసల్లో ప్రొపెల్లర్, ఇంజిన్ చప్పుడు దగ్గరగా ఉంటాయి, వెనక సగంలో కూర్చోండి. ఎక్కేది కూడా వెనక తలుపు నుంచే. ఒకే ఊరికి జెట్టూ ఏటీఆరూ రెండూ ఉంటే, దృశ్యాల కోసం వెళ్లేవాళ్లు సంకోచించకుండా ఏటీఆర్ ఎక్కొచ్చు.

కిటికీ సీటని డబ్బు తీసుకుని గోడ చూపించే సీట్లు కూడా ఉన్నాయి. నాకొకసారి అలాగే దొరికింది, రెండు గంటలు ప్లాస్టిక్ గోడను చూశాను. దానికి కారణం ఉంది. కిటికీలు విమానం చట్రాన్ని బట్టి సుమారు అర మీటరుకొకటి చొప్పున ఉంటాయి. సీట్ల మధ్య దూరం అంతకంటే ఎక్కువ, 28 నుంచి 30 అంగుళాలు. రెండూ కలవవు కాబట్టి ఒక వరసలో కిటికీ సరిగ్గా భుజం పక్కన, ఇంకో వరసలో సీటు వెనక పడుతుంది. బోయింగ్ 737లో అయితే రెక్కకు కాస్త ముందు, ఎయిర్ కండిషనింగ్ గొట్టం గోడలోంచి పోయే చోట కిటికీయే ఉండదు. ఎయిర్‌లైన్‌ను బట్టి ఆ వరస నంబరు మారుతుంది. ప్రయాణికులు తమ సీటు నుంచి తీసిన ఫొటోలు పెట్టే సైట్లలో మీ ఎయిర్‌లైన్, విమానం రకం, సీటు నంబరు కొట్టి వెతికితే ముందే తెలిసిపోతుంది. ఐదు నిమిషాల పని.

హిమాలయాలకు వెళ్లేవాళ్లకు

ఢిల్లీ నుంచి లేహ్‌కు ఉదయం విమానం, ఎడమ కిటికీ. లేహ్ విమానాశ్రయమే 10,682 అడుగుల ఎత్తులో ఉంది, మధ్యాహ్నానికి గాలులు పెరుగుతాయి కాబట్టి విమానాలు ఎక్కువగా ఉదయమే నడుస్తాయి. అంటే ఎండ కుడివైపు నుంచి పడి ఎడమ కిటికీలోని మంచు కొండలను వెలిగిస్తుంది. నున్, కున్ శిఖరాలు ఆ వైపే. కుడివైపు దూరంగా సో మోరిరి సరస్సు ఉంది.

ఢిల్లీ నుంచి ఖాట్మండుకూ ఎడమవైపే. గాలి తేటగా ఉంటే ధవళగిరి, అన్నపూర్ణ, మనస్లు వరసగా వస్తాయి, మూడూ 8,000 మీటర్లు దాటినవే. హైదరాబాద్ నుంచి డార్జిలింగ్ వెళ్లేవాళ్లు దిగే బాగ్‌డోగ్రాకు కూడా ఎడమ. 8,586 మీటర్ల కాంచనజంఘ ఉత్తరాన నిలబడి ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అన్నింటికీ కుడివైపు. ఈ కొండల కోసమైతే అక్టోబర్ చివర, నవంబర్ నెలను మించింది లేదు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక్క మాట. యూరప్ నుంచి అమెరికా పడమటి తీరానికి పగటిపూట వెళ్లే విమానాలు చాలావరకు గ్రీన్‌లాండ్ మీదుగా పోతాయి. ఎండ దక్షిణాన ఉంటుంది కాబట్టి కుడివైపు కూర్చుంటే మంచు పలకలు, వాటి మధ్య నీలి నీళ్లు కళ్లు చెదరకుండా చూడొచ్చు. అమెరికా నుంచి యూరప్‌కు చలికాలం రాత్రి వస్తుంటే ఎడమ కిటికీ. అదృష్టముంటే ఉత్తరాన ఆకుపచ్చని ధ్రువకాంతి కనిపిస్తుంది. దుప్పటి తల మీదుగా కప్పుకుని లోపలి వెలుతురు రాకుండా చేసుకోండి.

ఐదో అడుగు: సీటు దక్కించుకోవడం, ఎక్కాక చూడడం

టికెట్ కొనేటప్పుడే సీటు ఎంచుకోవడం ఖాయమైన పద్ధతి. డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే వెబ్ చెక్-ఇన్ ఎప్పుడు తెరుచుకుంటుందో చూసుకుని ఆ నిమిషానికే కూర్చోండి. దేశీయ విమానాలకు ఎయిర్‌లైన్‌ను బట్టి 48 గంటల ముందు నుంచే ఉంటుంది. ప్రయాణం ముందురోజు విమానం రకం మారిందేమో మళ్లీ చూడండి. మారితే మీ 5ఎఫ్ రెక్క మీదికి వెళ్లిపోవచ్చు.

ఇంట్లో ఉండగానే దారి మొత్తం మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా చాలా ఫోన్లలో జీపీఎస్ పనిచేస్తుంది, కిటికీకి ఆనించి పట్టుకుంటే కాసేపటికి మీ చుక్క పటం మీద కదులుతూ కనిపిస్తుంది. కింద కనిపించే నది పేరు అప్పుడు తెలుస్తుంది. పేరు తెలిశాక చూపే మారిపోతుంది.

ముందు కిటికీని లోపలి వైపు మెత్తటి బట్టతో తుడవండి. ఫోన్‌ను అద్దానికి దగ్గరగా పెట్టండి, ఆనించకండి, వణుకు ఫొటోలోకి వస్తుంది. ఫ్లాష్ ఆపేయండి. తెల్లచొక్కా అద్దంలో ప్రతిఫలిస్తుంది, ముదురు రంగు వేసుకుంటే మంచిది. కెమెరాకు పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) ఉంటే తీసేయండి, విమానం కిటికీ ప్లాస్టిక్ కాబట్టి దానితో ఇంద్రధనుస్సు రంగుల మరకలు వస్తాయి. కిటికీ కింది భాగంలో చిన్న రంధ్రం కనిపిస్తుంది. అది పొరల మధ్య గాలి ఒత్తిడిని సరిచేసేది. దాని చుట్టూ మంచు పువ్వులు పూస్తాయి, కాబట్టి పైభాగం నుంచి తీయండి. సైన్యం, నౌకాదళం విమానాశ్రయాల్లో ఫొటోలు తీయకూడదు. సిబ్బంది కిటికీ మూయమంటే వెంటనే మూసేయండి.

తప్పు వైపు సీటొస్తే సిగ్గుపడకుండా అడగండి. "బాబూ, మా అమ్మ గోదావరి చూస్తానంటోంది, పది నిమిషాలు ఇక్కడ కూర్చోవచ్చా?" అంటే కాదనేవాళ్లు అరుదు. సీటు బెల్టు గుర్తు ఆరి ఉన్నప్పుడే అడగాలి.

విశాఖ దారిలో లేచిన అరగంటకు అటూ ఇటూగా పటం మీద కూనవరం పేరు వస్తుంది. అక్కడి నుంచి కళ్లు తిప్పొద్దు. రెండోసారి అమ్మను నవంబర్‌లో, మధ్యాహ్నం విమానంలో, 5ఎఫ్‌లో కూర్చోబెట్టాను. కొండల మధ్య సన్నటి దారం కనిపించింది మొదట. అది పోలవరం దగ్గర విప్పుకుని, అవతల ఎండలో వెడల్పుగా పరుచుకుంది. అమ్మ వేలు అద్దానికి ఆనించి, నది వెంబడే కిందికి జరుపుకుంటూ పోయింది.

"ధవళేశ్వరం అటేగా?"

అటే.